ఏడో గదిలో ఉన్నాయన

రోడ్లు తెరిచారని తెలిసిన మర్నాడు తెల్లారేసరికి మా వరసలో ఏడు గదులు ఖాళీ అయిపోయాయి.

మహమ్మారి భయంతో నాలుగు నెలలుగా ఎవరినీ గడప దాటనివ్వలేదు. ఫ్యాక్టరీలన్నీ మూతపడ్డాయి. బియ్యం సంచులు, కూరగాయలు వీధి చివర కట్టిన తాడు దగ్గరికి తెచ్చి అందించేవాళ్లు. అందుకే ఆ అక్టోబరులో తాడు తీసేయగానే జనం మోటారు సైకిళ్ల మీద సొంతూళ్ల దారి పట్టారు. వాన పడుతోంది. బండి వెనక పిల్లలు, ముందు బట్టల మూట, మూటకు వేలాడుతూ ఒక అన్నం గిన్నె. బండి మీద పట్టినంత పట్టుకుపోయారు, పట్టనిది గదుల్లోనే వదిలేశారు.

నాకు పోవడానికి ఊరంటూ లేదు. ఈ ఫ్యాక్టరీల ఊరు బిన్ దువాంగ్ వచ్చి ఇరవై ఏళ్లయింది, ఎనిమిదో గదిలోనే తొమ్మిదేళ్లు. చెప్పుల ఫ్యాక్టరీలో పైతోలు కుట్టడం నా పని. పేరు న్యుంగ్.

మా గదుల యజమానురాలు లోవాన్ అక్క. రబ్బరు తోటలో పాతికేళ్లు చెట్లు గీసి, ఆ సంపాదనతో జాగా కొని పన్నెండు గదులు కట్టుకుంది. మోకాళ్లు అరిగిపోయాయి కానీ గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. కొళాయి కట్టకపోతే తిడుతుంది, చెప్పులు అడ్డంగా విడిస్తే తిడుతుంది, జ్వరమొస్తే గంజి కాచి తెచ్చి, తాగకపోతే తిడుతుంది.

వారం ఆగి అక్క అందరికీ ఫోన్లు చేసింది. ఒకరు ఫ్యాను అవతలి గదివాళ్లకు ఇచ్చేయమన్నారు. ఒకరు పండగయ్యాక వస్తాం, గ్యాసుపొయ్యి దాచమన్నారు. ఇంకొకతను "పరుపు పారెయ్ అత్తా, దాంట్లో నల్లులున్నాయి, నీకు చెప్పడానికి సిగ్గేసింది" అన్నాడు. ఏడో గది తామ్ మాత్రం ఫోనెత్తలేదు. ఎన్నిసార్లు చేసినా స్విచాఫే.

తామ్ బట్టల ఫ్యాక్టరీలో పని చేసేది. బాక్ లియూ వైపు పిల్ల. ఎనిమిదేళ్ల కూతురు సెన్‌తో ఆ గదిలో ఉండేది. భర్త ఇంకో ఆవిడతో ఎప్పుడో వెళ్లిపోయాడు.

పక్క వీధిలో కియెత్ అని ఇంకో గదుల ఓనరున్నాడు. అతనిది ఒకటే లెక్క.

"రెండు రోజులు చూస్తా వదినా. మూడో రోజు పాత సామాన్ల బండి పిలిచేస్తా. వదిలేసి పోయారంటే వద్దనుకున్నట్టేగా? మనమేమైనా గోడౌన్ నడుపుతున్నామా?"

"నేనూ ఇన్నాళ్లూ అంతేగా చేసింది," అంది అక్క. "కానీ ఈసారి వాళ్లు పారిపోలేదయ్యా. బతకడానికి పోయారు. నెల చూస్తాను."

నెల గడిచినా తామ్ దగ్గర్నుంచి కబురు లేదు. అక్క తాళంచెవి పట్టుకుని నా గుమ్మంలోకొచ్చింది.

"లేవే న్యుంగ్. గది తెరుస్తున్నా. రేపు తామ్ వచ్చి నా ఉంగరం పోయింది, నా పుస్తకం పోయిందంటే నువ్వే సాక్షివి. ఫోన్ తెచ్చుకో, ఉన్నవున్నట్టు ఫోటోలు తియ్యి."

తలుపు తీస్తే ముక్కిన వాసన వచ్చింది కానీ గది శుభ్రంగానే ఉంది. మడత మంచం, బియ్యం డబ్బా, గోడకు సెన్ వేసిన బొమ్మలు. అక్క ఒక్కో వస్తువు పేరూ పైకి చెబుతుంటే నేను ఫోటో తీస్తున్నాను. మా గదులన్నిటికీ పైన చెక్కల అటక ఉంటుంది, పిల్లలు అక్కడ పడుకుంటారు. అక్కకు మోకాళ్ల వల్ల నిచ్చెన ఎక్కడం కుదరదు. నేను ఎక్కి, తెర పక్కకు లాగి, అక్కడే ఆగిపోయాను.

"అక్కా, పైన ఒకాయన ఉన్నాడు."

"ఎవడే?" కింద తాళంచెవుల గుత్తి చేతిలోంచి జారిపోయిన చప్పుడైంది.

"ఫోటోలో."

గోడకు కొట్టిన చిన్న పలక మీద ఒక మగమనిషి ఫోటో ఉంది. ముప్పయ్యేళ్లుంటాయి, కనుబొమ్మ మీద మచ్చ, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న ముఖం. దాని ముందు బూడిద నిండిన అగరొత్తుల గిన్నె, ఎండిపోయిన నీళ్లగ్లాసు, బిరుసెక్కిన మూడు కమలాపళ్లు. గిన్నెలో కాలిన పుల్లలు ఒత్తుగా ఉన్నాయి. ఎవరో ఏళ్ల తరబడి వెలిగిస్తూ వచ్చారని తెలుస్తూనే ఉంది.

అక్క అయ్యో అమ్మో అంటూ నిచ్చెన ఎక్కింది. మొదటిసారి ఎక్కడం. చూసి మండిపడింది.

"చూడవే! చచ్చినోణ్ణి నా గోడకి తగిలించి తన దారిన తను పోయింది. ఎవడీయన? మొగుడా?"

"మొగుడు బతికే ఉన్నాడక్కా. పోయినేడు వాణ్ణి సంతలో చూశా, లావెక్కాడు కూడా."

"మరి?"

అప్పుడు నాకు వెలిగింది. మా గదుల మధ్య గోడ ఎంత పల్చనిదంటే అటు తుమ్మితే ఇటు చిరంజీవ అనొచ్చు. రోజూ బడి నుంచి రాగానే సెన్ గొంతు వినిపించేది: "బాబాయ్, ఇవాళ డిక్టేషన్‌లో తొమ్మిదొచ్చాయి." "బాబాయ్, హాన్ నా పెన్సిలు విరిచేసింది, అమ్మకు చెప్పకు." అవతలి నుంచి జవాబు మాత్రం ఎప్పుడూ వినలేదు. తామ్ ఎవణ్నో గదిలో దాచిందని నేను అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అక్కతో కూడా అన్నాను.

"నువ్వు చెప్పిన దొంగ మొగుడు ఈయనేనా?" అంది అక్క.

ఇద్దరం నవ్వాం. ఆ ముఖం ముందు నవ్వడం బాగోలేదనిపించి ఆపేశాం.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. మంచం, బియ్యం డబ్బా అంటే మూటగట్టి మూల పెట్టొచ్చు. ఒక మనిషికి పెట్టిన అగరొత్తుల గిన్నెను ఏ మూల పెడతారు? పారేస్తే పాపం. అలాగే ఉంచితే ఆ గదిలోకి ఎవరూ దిగరు. పాత సామాన్లు కొనే ఆవిడ నిచ్చెన సగం ఎక్కి చూసి, "అమ్మో, నా వల్ల కాదు," అని దిగిపోయింది.

అక్క బౌద్ధ మఠానికి వెళ్లి పెద్ద భిక్షువును అడిగింది. ఆయన అంతా విని, "మఠంలో చోటుకేం కొదవ లేదమ్మా," అన్నాడు. "కానీ ముందు ఆయనకు మనుషులున్నారేమో కనుక్కో. ఉన్నవాళ్లను అడక్కుండా తెచ్చి ఇక్కడ పెట్టావనుకో, ఆయన్ని అనాథను చేసింది నువ్వే అవుతావు."

ఆ మాట అక్కకు గుచ్చుకుంది. తిరిగొచ్చి గ్లాసు కడిగి నీళ్లు పోసింది. అప్పటినుంచి ప్రతి పాడ్యమికి, పున్నమికి నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కుతూ మూలిగేది, ఎక్కాక ఆయన్ని తిట్టేది. నా గదిలోకి స్పష్టంగా వినిపించేది.

"ఎవరివయ్యా నువ్వు? పేరు తెలీదు, ఊరు తెలీదు, పళ్లు పెడుతున్నా. నా మొగుడికి కూడా ఇన్నిసార్లు నిచ్చెన ఎక్కలేదు. కల్లోనైనా కనబడి ఫలానా వాళ్లబ్బాయినని చెప్పి చావు. అయ్యో, చచ్చేవున్నావుగా. పోనీలే, తిను."

ఫ్యాక్టరీలు తెరిచాక గదులకు గిరాకీ పెరిగింది. ఒక కొత్త జంట ఏడో గది చూడ్డానికొచ్చి, అటక మీద సంగతి అక్క తనే చెప్పేసరికి చల్లగా జారుకున్నారు. కియెత్ దీన్ని వదిలిపెడతాడా?

"ఏం వదినా, ఏడో గదిలో మంచి మనిషి దొరికాడట? నీళ్లు వాడడు, కరెంటు వాడడు!"

"అవునయ్యా, నీలా వాగడు కూడా."

కొత్త సంవత్సరం వచ్చే టెట్ పండగకు వారముందు, వంటింటి దేవుణ్ణి పైకి సాగనంపే రోజున, మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. తామ్! దారిలో వానకు ఫోన్ తడిసి పాడైపోయిందట, నంబర్లన్నీ దాంతోపాటే పోయాయట. మా ఇద్దరికీ తెలిసిన లైను సూపర్‌వైజరమ్మను పట్టుకుని నా నంబరు సంపాదించింది. నేను ఫోన్ పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తి స్పీకర్ పెట్టాను.

"పిన్నీ," అంది తామ్. కుశలం కూడా అడగలేదు. "పైన ఆయన ఉన్నాడా?"

"ఉండక ఎక్కడికి పోతాడే? పున్నమికి జామకాయలు కూడా తిన్నాడు. నీకు బుద్ధుందా? ఇంట్లో మనిషిని అలా వదిలేసి పోతారా?"

అవతల తామ్ ఏడ్చేసింది. ఏడుస్తూనే అంది, "ఆయన మా మనిషి కాదు పిన్నీ."

నేనూ అక్కా ముఖాలు చూసుకున్నాం.

"నేను గదిలో దిగిన రోజు అటక కడుగుతుంటే కనబడ్డాడు. చెక్కల వెనక, తువ్వాల్లో చుట్టి ఉంది, ఫోటో, గిన్నె రెండూ. నాకంటే ముందున్న వాళ్లవి."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే పారేయిస్తావని. నువ్వంటే భయం పిన్నీ అప్పుడు."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ భయమే. కానీ ఇప్పుడు బాక్ లియూలో ఉన్నాగా."

నాకు నవ్వాగలేదు. అక్క నా వీపు మీద ఒకటిచ్చింది.

తామ్ చెప్పుకుపోయింది. ఆ రోజుల్లో మొగుడు వదిలేసి పోయాడు, చేతిలో రెండేళ్ల పిల్ల. ఆ ఫోటో చూస్తే తనలాగే ఎవరో వదిలేసి పోయినవాడిలా కనిపించాడట. పలక కొట్టి పైన పెట్టింది. పిల్లకు మాటలొచ్చాక బాబాయి అని చెప్పింది. "వచ్చేటప్పుడు తీసుకొద్దామనుకున్నా పిన్నీ. కానీ ఆయనది మా ఊరు కాదు. ఎప్పటికైనా వాళ్లవాళ్లు వెతుక్కుంటూ వస్తే ఆ గదికే కదా వస్తారు? అందుకని అక్కడే ఉంచా."

ఫోన్ పెట్టేశాక అక్క గడప మీద కూర్చుండిపోయింది.

"దానికంటే ముందు ఆ గదిలో ఉన్నవాడు ఖోయ్," అంది. "సన్నగా పొడుగ్గా ఉండేవాడు, గిటారు పట్టుకుని. నీకు గుర్తుందా?"

గుర్తుంది. ఒక రోజు ఎవరికీ చెప్పకుండా మాయమయ్యాడు.

"పారిపోయాడనుకున్నా. మూడు రోజులు చూశా. నాలుగో రోజు అంతా అమ్మేశా. మంచం, పెట్టె, గిటారు. అటక మీదికి నేను ఎక్కలేదు."

పాత సామాన్ల ఆవిణ్ని పిలిచి అడిగితే తల దించుకుని ఒప్పుకుంది. ఆ రోజు ఫోటో, గిన్నె చూసి భయమేసి, తువ్వాల్లో చుట్టి చెక్కల వెనక్కి నెట్టేసి, గమ్మున దిగిపోయానంది.

గదుల్లో ఉండేవాళ్ల పేర్లు వార్డు ఆఫీసులో రాయించాలి గనక అక్క దగ్గర అందరి సొంతూరి చిరునామాలూ ఉంటాయి. పాత పుస్తకాల్లో ఖోయ్ పేరు దొరికింది. క్వాంగ్ న్గాయ్ వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్క ఆ ఊరి ఆఫీసుకు ఫోన్ చేసింది. పండగ సెలవులని వాళ్లు విసుక్కుంటే, "బాబూ, నీకు పెద్దలున్నారా? ఇంట్లో వాళ్లకు అగరొత్తి పెడతావా? ఇక్కడ ఒకాయన ఆరేళ్లుగా పరాయివాళ్ల చేతి అగరొత్తులు తీసుకుంటున్నాడు," అంది. పది నిమిషాల్లో నంబరొచ్చింది.

ఖోయ్ ఫోనెత్తినప్పుడు వెనక ఏదో ఇంజను మోగుతోంది. ఊరికి దూరంగా ఒక రేవులో ఉంటూ పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడట.

"ఖోయ్, నేను బిన్ దువాంగ్ నుంచి లోవాన్‌ను, గదుల లోవాన్. నీ ఫోటో ఒకటి నా దగ్గరుంది. నీది కాదు, కనుబొమ్మ మీద మచ్చున్న ఆయనది."

ఇంజను ఆగింది. అక్క "హలో, హలో" అంటూనే ఉంది. అవతల మనిషి ఏడుస్తున్నాడని నేను చెప్పాల్సి వచ్చింది.

ఆయన ఖోయ్ అన్న, పేరు థిన్. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది అతనే. ఎక్కడో పెద్ద భవంతికి రంగులేస్తూ జ్వరం ముదిరి పోయాడు. తల్లి ఉంది కానీ కడుపున పుట్టినవాడికి తల్లి అగరొత్తి వెలిగించకూడదు, చిన్నవాళ్లే వెలిగించాలి. ఉన్న చిన్నవాడు ఖోయ్ ఒక్కడే. అందుకే ఫోటో, గిన్నె తనతో తెచ్చుకున్నాడు. ఒకరోజు తల్లికి పక్షవాతమని కబురొచ్చింది. కట్టుబట్టలతో బస్సెక్కాడు, మూడు రోజుల్లో రావచ్చనుకుని. ఇరవై రోజులు పట్టింది.

టెట్ అయ్యాక ఆరో రోజున తామ్, సెన్ వచ్చారు. ఎనిమిదో రోజున ఖోయ్ వచ్చాడు. సన్నగానే ఉన్నాడు. అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"ముందు ఇది విను, తర్వాత లోపలికి రా. నీ మంచం, నీ పెట్టె, నీ గిటారు నేనే అమ్మేశాను. నిన్ను అడగలేదు, ఎవరినీ అడగలేదు. మూడు రోజులే చూశాను. తప్పు చేశాను."

పిల్లల వయసున్నవాడి ముందు ఆవిడ అలా నిలబడితే నాకు ఎటు చూడాలో తెలియలేదు.

ఖోయ్ తల గోక్కున్నాడు. "గిటారు నాకు సరిగ్గా వాయించడం రాదు పిన్నీ. పక్క గదివాళ్లు నీకు దణ్ణం పెట్టుకుని ఉంటారు."

"పెట్టుకున్నాను," అన్నాను నేను.

అప్పుడు లోపలికొచ్చాడు. ఆ ఇరవయ్యో రోజున వీధి మొదటిదాకా వచ్చాడట. ఏడో గది ముందు తీగ మీద చిన్న పిల్ల గౌన్లు ఆరేసి ఉన్నాయి. అది చూసి అక్కడినుంచే వెనక్కి తిరిగాడు.

"ఒక్క మాట అడగాల్సింది కదరా," అంది అక్క.

"అడిగితే పారేశామంటారు పిన్నీ. అడక్కపోతే ఎక్కడో ఉన్నట్టే కదా. అమ్మకేమో అన్న నా దగ్గరే ఉన్నాడని చెప్పా. ఏటేటా అన్న పోయిన రోజున అమ్మ అడిగేది, పెట్టావా నాయనా అని. పెట్టానమ్మా అనేవాణ్ని."

"పెట్టారు కదా," అంది తామ్ నెమ్మదిగా. "రోజు తెలీదు గానీ, ఏ రోజూ మానలేదు."

సెన్ అప్పటిదాకా నిచ్చెన మొదట్లో కాపలా ఉన్నట్టు నిలబడింది. బాబాయిని తీసుకుపోతారని దానికి అర్థమైంది. ముఖం ముడుచుకుని ఖోయ్‌ను అడిగింది, "ఆయన పేరేంటి?"

"థిన్."

"రంగులేసేవాడా? ఎత్తంటే భయం లేదా?"

"ఎత్తంటే భయం లేదు. కప్పలంటే భయం. కప్ప కనబడితే బల్లెక్కేవాడు."

సెన్ ఆలోచించింది. "ఇక్కడ కప్పలు లేవు," అంది. ఇక్కడే ఉంచితే మంచిదని దాని ఉద్దేశం.

"మా ఊళ్లో ఉన్నాయి. నువ్వొచ్చి తోలిపెట్టాలి మరి."

అక్క మూడు అగరొత్తులు వెలిగించి చెప్పింది: "థిన్ బాబూ, మీ తమ్ముడొచ్చాడు. ఇంటికెళ్లు. మా వల్ల తక్కువేమైనా జరిగితే మనసులో పెట్టుకోకు." ఖోయ్ గిన్నెను ఎర్రగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తల్లికి ఫోన్ చేశాడు. జరిగిందంతా, తను ఆడిన అబద్ధంతో సహా, అప్పుడే చెప్పాడు. తల్లికి మాట కొంచెం ముద్దగా వస్తుంది. తిట్టిందో ఏడ్చిందో మాకు తెలియలేదు. ఫోన్ లోవాన్ అక్కకు ఇమ్మంది.

"ఏ అగరొత్తులు వాడారమ్మా? వాడికి ఘాటు పడదు, చిన్నప్పట్నుంచీ తుమ్ములు."

"చందనంవేనమ్మా," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "ఒక్కసారీ తుమ్మలేదు."

ఆ వారమే అక్క వెనకున్న కోళ్ల గదిని ఖాళీ చేయించి బల్లలు వేయించి, ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరైనా చెప్పకుండా వెళ్తే ఇద్దరు సాక్షుల ముందే గది తెరవాలి, అన్నిటికీ ఫోటోలు తీసి వాళ్ల నంబరుకు పంపాలి, సామాను మూటగట్టి పేరు రాసి ఆర్నెల్లు ఆ గదిలో ఉంచాలి. ఆర్నెల్లయినా రాకపోతే సొంతూరికి కబురు పంపాకే ఏదైనా. ఫోటో, కాగితాలు, పూజ సామాను అయితే గడువే లేదు. కొత్తగా దిగేవాళ్లకు తాళంచెవి ఇచ్చేముందు ఇదంతా చెప్పి, ఇంటి నంబరు ఒకటి కాదు రెండు రాయించుకుంటుంది. పేర్ల చీటీలు రాసే పని నాది. కియెత్ మొదట నవ్వాడు. మూడు నెలలు తిరక్కుండానే ఎవరిదో పెళ్లి ఆల్బమ్ ఒకటి సిమెంటు సంచిలో చుట్టి తెచ్చి, "ఇది కూడా పెట్టు వదినా, నాకు పారబుద్ధి కాలేదు," అన్నాడు.

తామ్ మళ్లీ ఏడో గదిలోనే ఉంటోంది.

నాలుగో నెలలో థిన్ పోయిన రోజుకు మమ్మల్నందరినీ రమ్మని ఖోయ్ టిక్కెట్లు పంపాడు. పద్నాలుగు గంటల బస్సు. దారి పొడుగునా అక్క మోకాళ్లను తిడుతూనే ఉంది. ఆ ఇంటి ముందు ఇసుక, వెనక సరుగుడు చెట్లు. తల్లి ఒక చెయ్యి పనిచేయకపోయినా మట్టిముంతలో చేపలు ఉడికించింది, చిన్న ఆల్చిప్పల చారు కాచింది. ఖోయ్ అగరొత్తి పెట్టాక ఆవిడ రెండోది తీసి సెన్ చేతికిచ్చింది. "నువ్వు చిన్నదానివి, నువ్వు పెట్టొచ్చు," అంది. తను మాత్రం పక్కన నిలబడి, గాలికి ఆరిపోకుండా బాగున్న చెయ్యి అడ్డం పెట్టింది.

వచ్చేటప్పుడు ఎండు చేపల పొట్లాలు కట్టిచ్చి, మళ్లీ ఏడు రమ్మంది. ఈ ఏడు టిక్కెట్లు మేమే కొనుక్కున్నాం.